మన గసగసాలకు ఎన్ని చట్టాలో!



గుత్తివంకాయ కూరకు మసాలా నూరుకుంటూ చెంచాడు గసగసాలు వేస్తాం. అరిసెలకు నువ్వుల బదులు అద్దుకుంటాం. అవి ఏ మొక్క గింజలో ఎప్పుడైనా ఆలోచించారా? నల్లమందు మొక్కవి. దాని చుట్టం కాదు, అచ్చంగా ఆ మొక్కే! కాయ పచ్చిగా ఉండగా దానికి గాట్లు పెడితే పాలు కారతాయి. ఆ పాలు గడ్డకడితే నల్లమందు. అదే కాయ ఎండాక లోపల గలగలమనే గింజలే మన గసగసాలు. గింజలో మత్తు పదార్థం లేనట్టే. కోతలో కాయ పాలూ పొట్టూ అంటుకుంటే ఆ కాస్తా గింజ పైన ఉండిపోతుంది.

మరి చట్టం దేన్ని కాదనాలి? మొక్కనా, పాలనా, గింజనా? దీనికి ఒక్కొక్క ప్రభుత్వం ఒక్కొక్క జవాబు చెప్పింది. ఆ జవాబులు మన వంటింటి దాకా వచ్చాయి కాబట్టే ఈ ప్రసంగం.

తెనాలి దగ్గర మా సంగం జాగర్లమూడిలో సంగమేశ్వరస్వామి గుడి అరుగు మీద కూర్చుని మా అమ్మమ్మ తరం వాళ్ళు పాత సంగతులు చెప్పుకునేవారు. చంటిపిల్లకు ఆవగింజంత నల్లమందు పాలలో రంగరించి పోసి, ఉయ్యాలలో పడుకోబెట్టి, నాట్లకు వెళ్ళిన తల్లుల కథలు అందులో ఉండేవి. వాళ్ళను తప్పుపట్టే ముందు ఒక్క మాట. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే తల్లులూ ఇదే చేశారు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో ఫాక్టరీ పనికి పోయే తల్లులు గాడ్‌ఫ్రీస్ కార్డియల్ అనే తియ్యటి మందు పట్టేవారు, అందులోనూ నల్లమందే. పిల్లను చూసుకునే మనిషి లేని ఇల్లు ఎక్కడైనా ఒకటే కదా. మోతాదు కాస్త ఎక్కువైతే ఆ పిల్లలు మళ్ళీ కళ్ళు తెరిచేవారు కాదు.

అప్పట్లో ఇది దొంగచాటు సరుకు కాదు. బీహారు, కాశీ ప్రాంతాల్లో ఇంగ్లీషువారే రైతులకు బయానా ఇచ్చి నల్లమందు పండించి, పాట్నా, ఘాజీపూర్ ఫాక్టరీలలో పెట్టెలకెత్తి చైనాకు పంపేవారు. మాళవంలో ఇండోరు, గ్వాలియరు సంస్థానాల రైతులు పండించుకుంటే, ఆ సరుకు బొంబాయి రేవుకు పోయేటప్పుడు సుంకం వసూలు చేశారు. 1878 చట్టం వచ్చాక సాగుకూ అమ్మకానికీ లైసెన్సు ఉండాలన్నారు. కాని నియమాలు మాత్రం ఏ ప్రాంతానికి ఆ ప్రాంతమే రాసుకుంది. ఒక మనిషి దగ్గర ఎన్ని తులాలుండవచ్చు అన్నది ఇక్కడొక లెక్క, అక్కడొక లెక్క. మద్రాసు రాజధానిలో వాడకం ఎక్కువగా ఉన్నది మన గోదావరి, విశాఖ వైపు. మన్యపు జ్వరానికి మంచిదని జనం నమ్మకం. సర్కారుకు రాబడి. 1893లో విలాయతు నుంచి రాయల్ కమిషన్ వచ్చి ఊరూరా వాకబు చేసి, చివరకు 1895లో వ్యాపారం సాగనివ్వచ్చనే తేల్చింది! సాక్ష్యం చెప్పినవాళ్ళలో చంటిపిల్లల తల్లులు ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో కేంద్రం, రాష్ట్రాలు కూర్చుని పదేళ్ళలో, అంటే 1959 మార్చి ఆఖరుకి, మందుగా తప్ప నల్లమందు వాడకం ఆపాలని నిర్ణయించాయి. 1985లో ఇప్పుడున్న మత్తుమందుల చట్టం వచ్చింది. మన గసగసాలను కాపాడుతున్నది అందులోని ఒక చిన్న మాట. ఎండిన మొక్క భాగాలన్నీ నిషిద్ధమంటూ, 'గింజలు తప్ప' అని రాశారు. అందుకే కిరాణా కొట్లో అడిగి కొనుక్కుంటున్నాం.

కొనవచ్చు గాని పెంచకూడదు. కేంద్ర నార్కోటిక్స్ బ్యూరో ఏటా లైసెన్సులిచ్చేది మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో కొన్ని ప్రాంతాల రైతులకే. మిగతా గసగసాలు చాలావరకు టర్కీ నుంచి దిగుమతి. రాజస్థాన్‌లో ఎండుకాయ పొట్టును కూడా 2016 దాకా లైసెన్సు దుకాణాల్లో అమ్మారు. అదే మొక్క 2021లో మన చిత్తూరు జిల్లా మదనపల్లె వైపు పొలంలో కనబడితే అధికారులు పీకించి కేసు పెట్టారు. పదేళ్ళ దాకా జైలు పడే నేరమిది. పూలు ముచ్చటగా ఉంటాయని కుండీలో నాలుగు గింజలు చల్లే సరదా పెట్టుకోకండి.

ఇక సరిహద్దు దాటితే గింజకూ కష్టమే. అరబ్ ఎమిరేట్సులోనూ సౌదీలోనూ గసగసాలు నిషిద్ధం. దుబాయి విమానాశ్రయంలో ఒక స్విట్జర్లాండు దేశస్థుడి బట్టలకు అంటుకున్న మూడు గింజలకు నాలుగేళ్ళ శిక్ష వేశారని 2008లో పత్రికలలో వచ్చింది. రొట్టె మీద నుంచి రాలిన గింజలట! సింగపూరుకు తీసుకువెళ్ళాలంటే ముందుగా సరుకు పరీక్ష చేయించి అనుమతి తీసుకోవాలి.

అమెరికాలో గసగసాలు చక్కగా అమ్ముతారు, రొట్టెల మీద చల్లుకుంటారు. చిక్కు మరోచోట. తిన్నాక ఒకటి రెండు రోజులు మూత్ర పరీక్షలో మత్తుమందు ఆనవాలు కనిపించవచ్చు. ఈ తంటా చూసే అక్కడి ప్రభుత్వం ఉద్యోగుల పరీక్షలో హద్దును 1998లో 300 నానోగ్రాముల నుంచి 2000కు పెంచింది. ఆసుపత్రులు మాత్రం తమ హద్దు తామే పెట్టుకుంటాయి. 2010లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక బాలింత పురుడు వచ్చే ముందు గసగసాల రొట్టె తిన్నది. పరీక్షలో తేడా కనబడింది. మూడు రోజుల పసిగుడ్డును అధికారులు తీసుకుపోయి ఐదు రోజులు వేరే ఉంచారు. ఆ తల్లి కోర్టుకెక్కి పరిహారం రాబట్టుకుంది. ఒకప్పుడు నల్లమందు పోసిన తల్లిని అడిగిన చట్టం లేదు, ఇప్పుడు రొట్టె తిన్న తల్లి ఒడి ఖాళీ చేశారు. నాకైతే రెండూ అన్యాయంగానే కనిపిస్తాయి.

కూతురి పురిటికి అమెరికా వెళ్ళే అమ్మలు మీలో చాలామంది ఉంటారు. నెలలు నిండిన పిల్లకు గసగసాల కూరలు పెట్టకండి. పురుడయ్యాక పెట్టుకోవచ్చు. గల్ఫుకో సింగపూరుకో వెళ్ళేవాళ్ళు పెట్టెలో గసగసాలు అసలు పెట్టుకోవద్దు. ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో కలిసి ఉంటే అదీ వద్దు. కొన్న పొడులైతే పొట్లం మీద 'ఖస్‌ఖస్' అనో 'పాపీ సీడ్స్' అనో రాసి ఉందేమో చూడండి. పాత చేతిసంచీ తీసుకెళ్ళేట్టయితే దులిపి, కుట్లలోకి కూడా చూసుకోండి. కూర చిక్కబడటానికి జీడిపప్పో పుచ్చగింజల పప్పో నానబెట్టి నూరి వేస్తే సరిపోతుంది. రుచిలో కాస్త తేడా తెలుస్తుంది, అంతే.