నజరానా నుంచి ప్యాకేజీ దాకా

మొన్న 2025 అక్టోబరులో మా ఖాలాకు కిడ్నీలో రాయి అని ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. కార్డు ఉంది, ఫోటో తీసుకున్నారు, పరీక్షలన్నీ అయిపోయాయి. తీరా ఆ రోజు సంచి సర్దుకుని వెళితే కౌంటర్ దగ్గర అమ్మాయి చల్లగా చెప్పింది: "ప్రస్తుతం వైద్యసేవ కేసులు ఆపేశామమ్మా. క్యాష్ అయితే ఇవాళే చేర్చుకుంటాం." మిర్చి సీజన్లో రోజంతా తొడిమలు తీస్తే వచ్చే కూలీతో బతికే మనిషి క్యాష్ ఎక్కడి నుంచి తెస్తుంది? తిరుగు ఆటోలో ఖాలా డాక్టరుకు బద్‌దువా పెడుతూనే ఉంది. నేను ఆసుపత్రి పేరు రాయను. నిజం చెప్పాలంటే ఆ డాక్టరు నాతో విడిగా అన్న మాట కూడా అబద్ధం కాదు: "నెలల తరబడి నాకూ రావట్లేదు భాయ్."

ఆ నెల 10వ తేదీ నుంచి రాష్ట్రంలోని ప్రైవేటు స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం సేవలు ఆపింది. సర్కారు నుంచి దాదాపు 2,700 కోట్ల బకాయి రావాలన్నది వాళ్ల హిసాబ్. నెలాఖరుకు చర్చలు జరిగి మళ్లీ తలుపులు తెరిచారు. ఖాలా మాత్రం ఒక్కటే సవాల్ పట్టుకుని కూర్చుంది: "ఇంతకీ డాక్టరుకు తన్‌ఖా ఎవరిస్తార్రా?" జవాబు చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

గుంటూరును ముర్తజానగర్ అని పిలిచిన జమానాలో మన పెద్దలకు హకీం సాబ్ ఉండేవారు. నబ్జ్ చూసి నుస్ఖా రాసేవారు. ఫీజు అని నోటితో అడగడం ఐబ్. ఇచ్చింది నజరానా. ఉన్నవాడు వెండి నాణెం, లేనివాడు జొన్నలు, అదీ లేనివాడు దువా. వినడానికి బాగుంటుంది కానీ, ఆ పద్ధతిలో హకీం సాబ్ పొట్ట నిండేది నవాబుల వాకిట్లోనే. గరీబు ఇంటికి ఆయన ఎంత తరచుగా వచ్చేవారో నాకు అనుమానమే.

ఇస్లామీ దునియాలో దీనికి ఇంకో దారి కూడా ఉండేది. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 13వ శతాబ్దం చివర్లో కట్టించిన బీమారిస్తాన్‌లో వైద్యులకు జీతం వక్ఫ్ ఆస్తుల ఆమ్‌దనీ నుంచి వచ్చేది. మరీజు చేతిలో పైసా లేకపోయినా తబీబు జీతం ఆగదు. ఇక్కడ మన వక్ఫ్ భూములు ఎవరి చేతుల్లో ఉన్నాయో ఇప్పుడు ఎత్తితే ఈ వ్యాసం ఇంకెటో పోతుంది. వదిలేద్దాం.

1883లో అన్నా కుగ్లర్ అనే అమెరికన్ లూథరన్ మిషనరీ డాక్టరు గుంటూరుకు వచ్చారు. మగ డాక్టరుకు చెయ్యి చూపించని జనానాల్లోకి, మన ఇళ్లలోకి, హిందువుల ఇళ్లలోకి, ఆడ డాక్టరు అడుగు పెట్టడం ఇక్కడ అప్పటికి కొత్త. 1898లో ఆమె ఆడవాళ్ల ఆసుపత్రి తెరిచారు. ఈ రోజుకీ గుంటూరులో పాతవాళ్లు 'కుగ్లర్ ఆసుపత్రి' అనే అంటారు. ఆమె జీతం సముద్రం అవతల చర్చి మహిళల చందాల నుంచి వచ్చేది. ఏలూరు రాజావారు తమ ఇంట్లో జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి దగ్గర రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. నజరానాయే, కాకపోతే రాజుగారి స్థాయిలో.

తమాషా ఏమిటంటే అదే 1883లో జర్మనీలో బిస్మార్క్ కార్మికుల జబ్బు బీమా చట్టం తెచ్చాడు. మజ్దూర్ కొంత, మాలిక్ కొంత కడితే ఆ నిధి నుంచి వైద్యం. 1911 చట్టంతో బ్రిటన్ కూడా ఆ దారి పట్టింది. అక్కడ డాక్టరుకు ఇచ్చింది రోగానికి ఇంత అని కాదు, తన జాబితాలో ఉన్న మనిషికి ఏడాదికి ఇంత అని. జనం జబ్బు పడకపోతే డాక్టరుకు లాభం. మంచిదే, కాకపోతే త్వరగా చూసి పంపేయాలన్న లాలచ్ కూడా అందులోనే ఉంది. జీతం పద్ధతికి దాని రోగం దానికుంది. 1946లో గుంటూరు మెడికల్ కాలేజీ వచ్చింది. రెండు జిల్లాల గరీబులకు పెద్దాసుపత్రే దిక్కయింది. డాక్టరుకు నెల జీతం కనక ఎంతమందిని చూసినా అంతే. పొద్దున ఓపీలో దొరకని డాక్టరు సాయంత్రం సొంత క్లినిక్‌లో దొరికేవాడన్న మాట మా అబ్బాజాన్ తరం వాళ్లందరి నోటా విన్నదే.

ఇక మన ఇలాఖాకు సూటిగా తగిలే విషయం. స్వతంత్రం వచ్చాక 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. కార్మికుడి జీతంలో కొంత, యజమాని నుంచి కొంత కలిపి వైద్యం. డిస్పెన్సరీలో జీతం డాక్టర్లు, కొన్నిచోట్ల బ్రిటన్ తరహాలోనే తలకు ఇంత అని తీసుకునే ప్యానెల్ డాక్టర్లు. కానీ ఆ చట్టం 'సీజనల్ ఫ్యాక్టరీ'లను బయట పెట్టింది. ఆ జాబితా చదివితే మొట్టమొదట కనిపించేది ఏమిటో తెలుసా? పత్తి జిన్నింగ్. ఆ పక్కనే పత్తి ప్రెస్సింగ్, కాస్త దూరంలో వేరుశనగ కాయలు కొట్టే మిల్లు. అంటే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఫ్యాక్టరీ అని చెప్పుకోదగ్గ పనుల్లో పెద్ద వాటా ఆ ఒక్క వాక్యంతో బయటికి పోయింది. పొలంలో పత్తి ఏరే ఆడకూలీ, యార్డులో టిక్కీలు మోసే హమాలీ ఫ్యాక్టరీ మనుషులే కారు కనక ఎలాగూ లోపల లేరు.

ఇంకా దుఃఖం కలిగించే సంగతి చెప్తాను. అదే చట్టం మూడో షెడ్యూలులో వృత్తి జబ్బుల జాబితా ఉండేది. అందులో పత్తి ధూళితో ఊపిరితిత్తులకు వచ్చే జబ్బు, బిస్సినోసిస్, ఉండేది. మిల్లులో పనిచేసేవాడికి సెలవు తర్వాత మొదటి రోజు పనిలో ఛాతీ బిగుసుకుపోతుంది. ముదిరితే ఆ బిగువు ఇక వదలదు. జబ్బును చట్టం గుర్తించింది, ఆ ధూళి మింగే జిన్నింగ్ కూలీని గుర్తించలేదు.

పత్తి ధూళి అంటే నాకు గుర్తొచ్చేది మా వీధిలో దూదేకుల చాచా. నూర్‌బాషా ఇళ్లలో విల్లు పట్టని ఇల్లు ఒకప్పుడు లేదు. శీతాకాలం వస్తే ఆయన విల్లు టంగ్ టంగ్ మని మోగుతుంటే మేం స్కూలు ఎగ్గొట్టి చూసేవాళ్లం. గది నిండా తెల్లటి పొగలాంటి ధూళి, మధ్యలో ఆయన. రాత్రి ఆ విల్లు ఆగాక దగ్గు మొదలయ్యేది, ఫజర్ దాకా. ఆయనకు ఏ ఈఎస్ఐ లేదు, ఏ డాక్టరూ ఆ దగ్గుకు పేరు పెట్టలేదు. ఇంట్లో 'చలి' అనేవారు.

2007 ఏప్రిల్ 1న వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీని మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టింది. 2008లో అది ప్రకాశానికి, ఆ తర్వాత గుంటూరుకు వచ్చింది. తెల్లకార్డు ఉంటే చాలు. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో 50 వేలు. జిన్నింగ్ కూలీ, హమాలీ, పూలమ్మే బీ, రిక్షా భాయ్ అందరూ మొదటిసారి ఒకే జాబితాలోకి వచ్చారు. (మనకు 4 శాతం రిజర్వేషన్ చట్టం కూడా ఆ 2007లోనే వచ్చింది.)

అసలు మార్పు డాక్టరుకు డబ్బు వచ్చే దారిలో. ఆరోగ్యశ్రీ జీతం ఇవ్వలేదు, తలకు ఇంత అనలేదు. ప్రతి ఆపరేషన్‌కు ఒక ధర కట్టింది, అదే ప్యాకేజీ. పరీక్షలు, మందులు, తిండి, ఇంటికి చార్జీలు, డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు అన్నీ అందులోనే. అమెరికాలో మెడికేర్ 1983లో పట్టుకున్న దారి ఇంచుమించు ఇదే. ముందు అనుమతి, తర్వాత ఆపరేషన్, ఆ తర్వాత ఫోటోలు, కాగితాలు ఆన్‌లైన్లో పెట్టి బిల్లు. ప్రైవేటులో సర్కారు డాక్టరుకు నేరుగా పైసా ఇవ్వదు. ఆసుపత్రికి ఇస్తుంది, ఆసుపత్రి డాక్టరుకు ఇస్తుంది. సర్కారీ దవాఖానాలో కూడా ఆ ప్యాకేజీ సొమ్ములో 35 శాతం ఆపరేషన్ చేసిన బృందానికి ప్రోత్సాహకంగా పెట్టారు. జీతం డాక్టరు చేతికి మొదటిసారి 'ఎంత పనికి అంత' అన్న డబ్బు అందింది.

ఫాయిదా జరిగింది, ఇన్‌కార్ చేయను. గుండెకు రంధ్రం ఉన్న పిల్లలు బతికారు, స్టెంటు వేయించుకున్న మన పెద్దలు ఇప్పటికీ మస్జిద్‌కు నడిచి వస్తున్నారు. కానీ డబ్బు ఆపరేషన్‌కు ముడిపడితే ఆపరేషన్లే పెరుగుతాయి. గర్భసంచులు అవసరం లేకుండా తీసేస్తున్నారన్న గొడవ రాష్ట్రమంతా రేగి, ఆ ఆపరేషన్‌ను ప్రైవేటు నుంచి తప్పించి ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. ముప్ఫై ఏళ్లకే గర్భసంచి పోగొట్టుకుని నడుం నొప్పులతో మిరప చేలకు పోతున్న ఆడవాళ్లను చూడని ఊరు మన పల్నాడు వైపు ఉందా?

పేర్లు మారాయి. ఎన్టీఆర్ వైద్యసేవ, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. ప్యాకేజీలు మొదట కొన్ని వందలు, 2023 నాటికి 3,257. పరిమితి ఆ ఏడాది చివర 25 లక్షలైంది. మొదట్లో ఒక ప్రైవేటు బీమా కంపెనీ నడిపిన పథకం మెల్లగా ట్రస్టు చేతికి వచ్చింది. ఇప్పుడు 2025 సెప్టెంబరులో కేబినెట్ ఆమోదించిన కొత్త పద్ధతిలో రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, ఆ పైన 25 లక్షల దాకా ట్రస్టు. అంటే పద్దెనిమిదేళ్ల తర్వాత సగం దారి వెనక్కి. బకాయిల రోగానికి ఇదే ఇలాజ్ అని సర్కారు అంటోంది. కంపెనీకి ప్రీమియం కట్టడం ఆలస్యమైతే ఏమవుతుందో, క్లెయిము కోసేస్తే ఆసుపత్రి ఎవరి మీద పడుతుందో ఖాలా లాంటివాళ్లకు ముందుగా తెలియదు. కౌంటర్ దగ్గరే తెలుస్తుంది.

ఇన్ని ప్యాకేజీల్లో దగ్గుకు రోజూ మందు రాసే డాక్టరుకు ఏముంది? ధూళికి గుడ్డ కట్టుకోమని, బీడీ మానమని పావుగంట కూర్చుని చెప్పినందుకు బిల్లు కాలమ్ లేదు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగినవాళ్లది అదే కథ. కిడ్నీ పాడయ్యాక డయాలసిస్‌కు డబ్బుంది, పాడవకుండా చూసే డాక్టరుకు లేదు. దూదేకుల చాచా ఇప్పుడు బతికి ఉన్నా, ఊపిరి పూర్తిగా ఆగేదాకా వచ్చి మంచం ఎక్కితేనే ఆయన దగ్గుకు కోడ్ నంబరు దొరికేది.

నవంబరులో ఖాలాకు ఆపరేషన్ అయింది, అదే ఆసుపత్రిలో, అదే డాక్టరు చేతుల మీదుగా. చెకప్‌కు వెళ్లిన రోజు తొడిమ తీసిన ఎండుమిర్చి రెండు కిలోలు పేపర్లో చుట్టి పట్టుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టింది. బద్‌దువా సంగతి నేను ఎత్తలేదు. ఆయన ఘాటుకు తుమ్మి, నవ్వి, తీసుకున్నాడు. "ఈ కేసు బిల్లు వచ్చిందా సాబ్?" అని అడిగాను. ఇంకా రాలేదన్నాడు.