పిరమిడ్లూ, మన చందవరం స్తూపమూ

పిరమిడ్ల మాట వస్తే చాలు, ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు. ఈజిప్టులోనూ అదే ఆకారం, సముద్రం అవతల మెక్సికోలోనూ అదే ఆకారం... ఒకళ్ళకొకళ్ళు తెలీకుండా ఎలా కట్టారండీ? ఆపైన గ్రహాంతరవాసులు దిగిపోతారు.

నాకైతే ఇందులో పెద్ద రహస్యమేమీ కనపడదు. ఇనుప చువ్వలు లేని రోజుల్లో అంతెత్తు దిబ్బ నిలబడాలంటే కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా కట్టాలి. కళ్ళంలో ధాన్యం రాశి పోసి చూడండి. దానికి ఎవరూ పాఠం చెప్పలేదు కదా!

పైగా కాలం చూడండి. గీజాలో ఖుఫు పిరమిడ్ క్రీ.పూ. 2560 ప్రాంతంది, కట్టినప్పుడు ఎత్తు సుమారు 146 మీటర్లు. మెక్సికోలో తియోతివాకాన్ సూర్య పిరమిడ్ క్రీ.శ. 200 ప్రాంతంది, సుమారు 65 మీటర్లు. నడుమ రెండున్నర వేల ఏళ్ళకి పైనే తేడా. మొదటిది రాతి దిమ్మెలు పేర్చిన రాజుగారి సమాధి. రెండోది మట్టీ రాళ్ళూ నింపి, పైన గుడి నిలిపిన మెట్ల కట్టడం. ఈజిప్టు వాళ్ళకైనా ఈ విద్య ఒక్కరోజులో రాలేదు. దహషూర్‌లో ఒక పిరమిడ్‌ని 54 డిగ్రీల వాలుతో మొదలుపెట్టి, మధ్యలో 43కి తగ్గించారు. మా భాషలో చెప్పాలంటే ప్రాజెక్టు సగంలో డిజైన్ మార్చారన్నమాట. గ్రహాంతరవాసులకి ఆ ఖర్మేంటి?

ఇలా దిబ్బగా పోసి కట్టే పని మన దగ్గరా జరిగింది. అదే స్తూపం. కాకపోతే గుండ్రం. మార్కాపురం రోడ్డు స్టేషన్లో గుంటూరు వైపు బండెక్కితే దొనకొండ వస్తుంది. ఆ మండలంలోనే, గుండ్లకమ్మ ఒడ్డున చందవరం. అక్కడ కొండ మీద శాతవాహనుల నాటి మహాస్తూపం ఉంది. 1964లో వి.వి. కృష్ణశాస్త్రి గారు గుర్తించారు, 1970లలో తవ్వకాలు జరిగాయి.

ఆకారం కన్నా నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. ఎవరు కట్టించారు? గీజాకి సున్నపురాయి పడవల్లో మోయించిన మెరెర్ అనే అధికారి డైరీ 2013లో దొరికింది. అదంతా రాజు పని, రాజు లెక్క. మన స్తూపాల సంగతి అలా కాదు. అమరావతిలో ఒక పూర్ణఘటం ఫలకం మీద దాత పేరుంది. విధికుడు, వృత్తి చర్మకారుడు. కుటుంబంతో కలిసి ఇచ్చుకున్నాడు. రెండు వేల ఏళ్ళ నాడు ఒక చెప్పులు కుట్టే మనిషి పేరు రాతి మీద నిలిచిందంటే మాటలా?

అలాంటి రాళ్ళని మనం ఎలా చూసుకున్నాం? చందవరం నుంచి దొంగలెత్తుకుపోయిన ఒక శిల్పఫలకాన్ని 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ న్యూయార్కు వ్యాపారి దగ్గర 5,95,000 డాలర్లకి కొన్నది. అది ఇండియాలో ఉండగా తీసిన పాత ఫొటోలు బయటపడ్డాక దొంగసొత్తని తేలింది. 2016లో వెనక్కి ఇచ్చేశారు. అంటే మన రాయి విలువ మనకన్నా ముందు దొంగకి తెలిసింది!

అందుకే అంటున్నా. గీజా గురించి వాదించుకుందాం, తప్పులేదు. కానీ కైరోకి విమానం ఎక్కేలోపు ఒకసారి దొనకొండకి రైలెక్కండి. కెమెరా మర్చిపోకండి. ఆ రాయిని ఇంటికి చేర్చింది ఫొటోలే కదా.