లారీలు ఏ పెట్టెలో ఉన్నాయి?

కాలిఫోర్నియాలో ప్రభుత్వోద్యోగంలో చేరేవాళ్ళు కుడిచెయ్యి ఎత్తి ఒక ప్రమాణం చెయ్యాలి. రోడ్ల ఇంజనీరైనా, లైబ్రరీలో గుమాస్తా అయినా విపత్తు వచ్చిననాడు 'డిజాస్టర్ సర్వీస్ వర్కర్' అని ఇక్కడి చట్టం. కౌంటీ ఆఫీసులో చేరినరోజు నేనూ చేశాను. అదో లాంఛనం అనుకుని మర్చిపోయాను కూడా.

2005లో నన్ను రెండు రోజుల శిక్షణకి పంపారు. విపత్తుల్ని దేశమంతా ఒకే పద్ధతిలో ఎదుర్కోవాలని అంతకు ముందు ఏడాదే ఫెడరల్ ప్రభుత్వం 'నిమ్స్' అనే విధానం తెచ్చింది. పాటించకపోతే గ్రాంట్లు రావంది. గ్రాంటు ఆగిపోతుందంటే ఏ కౌంటీ అయినా బుద్ధిగా చదువుకుంటుంది కదా!

మంటలార్పడం, తాడు పట్టుకుని దిగడం నేర్పుతారేమోనని భయపడుతూ వెళ్ళాను. పాఠం చెప్పింది రిటైరైన ఒక ఫైర్ కెప్టెన్. ఆయన బోర్డు మీద పెట్టెలు గీశాడు. పైన ఒకటి, దాని కింద నాలుగు: ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్, ఫైనాన్సు. ఎవరు ఎవరికి చెప్పాలో తెలియకపోతే మనుషులు చచ్చిపోతారన్నాడు. రెండు రోజులూ అదే పాఠం.

ఆ పెట్టెలు మంటల్లోంచి పుట్టాయి. 1970 శరదృతువులో కాలిఫోర్నియా కొండలు 13 రోజులు తగలబడ్డాయి. 16 మంది పోయారు. 700కి పైగా కట్టడాలు, 5 లక్షల ఎకరాలకు పైగా నేల కాలిపోయింది. సాయానికి ఎక్కడెక్కడినుంచో ఫైరింజన్లు వచ్చాయి. కానీ ఒకరి రేడియో ఇంకొకరికి పలకదు. ఒకే వస్తువుకి ఒక్కో డిపార్టుమెంటులో ఒక్కో పేరు. ఒకే మనిషికి నలుగురు ఆజ్ఞలిస్తారు, ఇంకొకడికి ఇచ్చేవాడే ఉండడు. ఆ తర్వాత కాంగ్రెస్ డబ్బిస్తే, ఫారెస్ట్ సర్వీసు, స్థానిక అగ్నిమాపక శాఖలూ కూర్చుని కొన్నేళ్ళపాటు తయారుచేసినదే ఈ 'ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్'. ఒక మనిషికి ఒకడే పైఅధికారి. ఒక అధికారి కింద ముగ్గురి నుంచి ఏడుగురు, ఐదుగురైతే మంచిది. రేడియోలో కోడు అంకెలు వద్దు, మామూలు మాటలే.

వినడానికి చిన్నపిల్లల పాఠంలా ఉంటుంది. కానీ 1991లో ఓక్లండ్ కొండలు అంటుకుని 25 మంది పోయినప్పుడు, పొరుగూళ్ళ నుంచి వచ్చినవాళ్ళ గొట్టాలు అక్కడి హైడ్రెంట్లకి పట్టలేదు. గొట్టాలవి రెండున్నర అంగుళాలు, హైడ్రెంట్లవి మూడు.

కాఫీ విరామంలో అందరూ బయటికి వెళ్ళారు. నేను ఆ పెట్టెల వైపే చూస్తూ కూర్చుండిపోయాను. మాది దివిసీమ. 1977 నవంబరు 19న నాకు తొమ్మిదేళ్ళు. తుఫానని రేడియోలో అన్నారట. ఉప్పెన ఊళ్ళోకి వస్తుంది, ఫలానా డాబా ఎక్కండి అని మా వాకిట్లోకి వచ్చి చెప్పిన మనిషి మాత్రం లేడు. చెప్పవలసింది మునసబుగారా, కరణంగారా, పోలీసులా, అదీ తెలియదు. ప్రభుత్వ లెక్కల్లోనే పదివేలమంది దాకా పోయారు. మా చిన్నమ్మమ్మా, ఆవిడ ఇద్దరు మనవలూ ఆ లెక్కలో ఉన్నారు.

1990 మే 9న దాదాపు అదే తీరానికి మళ్ళీ అంతటి తుఫాను వచ్చింది. ఈసారి ఆరు లక్షలమందికి పైగా జనాన్ని ముందే తరలించారు. పోయినవాళ్ళు వెయ్యిలోపు. ఉపగ్రహం బొమ్మలొచ్చాయి, తుఫాను షెల్టర్లు కట్టారు, నిజమే. అయితే మా మావయ్య అప్పుడు మండలాఫీసులో గుమాస్తా. ఏ ఊరికి ఏ లారీ, డ్రైవరెవరు, ఆ ఊళ్ళో బాధ్యుడెవరు అని రెండు రాత్రులు కూర్చుని చేత్తో జాబితాలు రాశాడు. ఇన్సిడెంట్ కమాండ్ అనే మాట ఆయన పుట్టి బుద్ధెరిగి విన్నవాడు కాడు.

శిక్షణ పొందినంత మాత్రాన సరిపోదని ఆ ఏడాదే చూశాం. 2004 జులైలో లూసియానాలో 'పామ్' అనే ఊహాతుఫానుతో ఐదు రోజులు అధికారులు కసరత్తు చేశారు. న్యూ ఆర్లీన్స్ కరకట్టల మీదుగా నీళ్ళు పొర్లుతాయనీ, పదిలక్షలమందిని తరలించాలనీ అప్పుడే అనుకున్నారు. తర్వాత జరగాల్సిన సమావేశాల్లో కొన్ని ప్రయాణఖర్చులకి డబ్బు దొరక్క ఆగిపోయాయి. పదమూడు నెలలకి కత్రినా వచ్చింది.

2010లో మన దేశపు విపత్తు నిర్వహణ సంస్థ ఇవే పెట్టెల్ని 'ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్' పేరుతో మార్గదర్శకాలుగా విడుదల చేసింది. జిల్లాలో బాధ్యత కలెక్టరుది. తర్వాత ఇండియా వెళ్ళినప్పుడు ఆ పటం ప్రింటు తీసి మావయ్యకి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"లారీలు ఏ పెట్టెలో ఉన్నాయిరా అబ్బాయ్?" అన్నాడు.

అమెరికా పటంలో లారీల పని లాజిస్టిక్స్‌లో అడుగున ఎక్కడో ఉంటుంది. మనవాళ్ళు ఆపరేషన్స్ కిందే ట్రాన్స్‌పోర్టేషన్ బ్రాంచి అని విడిగా పెట్టారు. వేలు పెట్టి చూపించాను.

"అయితే ఇది రాసినవాళ్ళలో ఎవడో ఎప్పుడో లారీలు పంపించినవాడే అయ్యుంటాడు," అన్నాడు మావయ్య.