గిన్నె అడుగున రాసిన పేరు

2014లో హాంకాంగ్‌లో జరిగిన సదబీస్ వేలంలో, అరచేతిలో ఇమిడేంత పింగాణీ కప్పు ఒకటి 28 కోట్ల హాంకాంగ్ డాలర్లకి పైనే పలికింది. దాని మీద ఒక పుంజు, పెట్ట, పిల్లలు. అడుగున నీలిరంగులో ఆరు అక్షరాలు: మహా మింగ్ వంశపు చెంగ్‌హువా ఏలుబడిలో చేసినది, అని. అంటే 1465-87 మధ్యన.

అవే ఆరు అక్షరాలున్న గిన్నె మనకెక్కడైనా దొరికితే? అది చెంగ్‌హువా కాలానిది కాకపోవడానికే అవకాశం చాలా ఎక్కువ.

ఆ పేరుని తర్వాతివాళ్ళు తెగ వాడుకున్నారు మరి. అందులో మోసమెంత, గౌరవమెంత అన్నది తేల్చడం కష్టం. 1677లో, పింగాణీకి పేరుపడ్డ జింగ్‌దెజెన్‌లో, అప్పటి చక్రవర్తి కాంగ్‌షీ పేరు పాత్రల మీద రాయకూడదని స్థానిక అధికారి ఒకాయన ఆజ్ఞ వేశాడు. పాత్ర పగిలితే దొరవారి పేరు చెత్తకుప్పలో పడుతుంది కదా! దాంతో కుమ్మరులు పాత మింగ్ చక్రవర్తుల పేర్లు రాశారు, లేదా రెండు వలయాలు గీసి మధ్యలో ఖాళీగా వదిలేశారు.

కాబట్టి పేరుని పక్కన పెట్టి రంగుని చూడాలి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆధారం ఇదే. షువాన్‌దె కాలంలో (1426-35) నీలిరంగు కోసం వాడిన కోబాల్టులో చాలామటుకు పశ్చిమాసియా నుంచి వచ్చేది. దాంట్లో ఇనుము ఎక్కువ. కుంచె ఆగి రంగు మందంగా పడిన చోటల్లా, కాల్చాక నల్లటి మచ్చలు తేలి గ్లేజులోకి దిగిపోయేవి. నిజానికి అది లోపం. పద్దెనిమిదో శతాబ్దానికి కోబాల్టుని బాగా శుద్ధి చెయ్యడం వచ్చింది, మచ్చలు పోయాయి. కానీ రసికులకి ఆ మచ్చలే కావాలి! అందుకని చిత్రకారులు కుంచెతో పనిగట్టుకుని చుక్కలు పెట్టారు. మా భాషలో చెప్పాలంటే, బగ్‌ని ఫీచర్‌గా మళ్ళీ రాశారన్నమాట. భూతద్దంతో చూస్తే అసలు మచ్చలు రంగు చిక్కబడ్డ చోట ఇష్టమొచ్చినట్టు ఉంటాయి. నకలు చుక్కలు మరీ బుద్ధిగా వరసలో కూర్చుంటాయి.

ఇప్పటి నకళ్ళలో ఈ ముచ్చట్లేవీ లేవు. ఆమ్లంతో గ్లేజు మెరుపు చంపడం, అడుగు అంచుకి మట్టి పులమడం, కొత్త గీతలు పెట్టడం, అంతే. వందల ఏళ్ళ వాడకంలో గీతలు అన్ని దిక్కులా పడతాయి. ఒక్క పూటలో పెట్టిన గీతలు తరచుగా ఒకే దిక్కుకి పోతాయి.

పాత్ర చివరిసారి ఎప్పుడు కాలిందో ప్రయోగశాలలో థెర్మోల్యూమినిసెన్స్ పరీక్ష చెప్తుంది. అందుకు సాధారణంగా అడుగు నుంచి చిన్న ముక్క తొలుస్తారు. అది తెలిసిన మోసగాడు పాత అడుగుకి కొత్త ఒళ్ళు అతికిస్తాడు.

మ్యూజియంలలో 'చెంగ్‌హువా ముద్ర, కాంగ్‌షీ కాలం' అనే లేబుళ్ళు కనిపిస్తాయి. మూడు వందల ఏళ్ళు దాటిన ఆ నకళ్ళూ ఇప్పుడు పురాతన వస్తువులే, వాటికీ మంచి ధర ఉంది. అందుకే జింగ్‌దెజెన్‌లో వాటికీ నకళ్ళు తయారవుతున్నాయి, అడుగున అదే చెంగ్‌హువా పేరుతో.