గినీల నుంచి గ్రాడమ్ దాకా: ఐరిష్ సంప్రదాయ సంగీతంలో బహుమతుల చరిత్ర

ఐర్లండ్ సంప్రదాయ సంగీతంలో చెప్పుకోదగ్గ తొలి బహుమతులు 1780ల దశకంలో లాంగ్‌ఫర్డ్ కౌంటీలోని గ్రానార్డ్ అనే చిన్న ఊరిలో ఇచ్చారు. వాటి ఖర్చు భరించినవాడు జేమ్స్ డంగన్ అనే ఐరిష్ వర్తకుడు. వ్యాపారరీత్యా కోపెన్‌హేగన్‌లో స్థిరపడినా సొంత గడ్డ మీద హార్ప్ వాద్యం అడుగంటిపోతోందన్న బెంగ ఆయన్ని వదల్లేదు. అప్పటికి పాత గేలిక్ ప్రభువంశాలు చితికిపోయాయి. వాళ్ల ప్రాపున బతికిన హార్ప్ వాద్యకారులు, అందులోనూ చూపులేనివారు చాలామంది, పెద్దిళ్ల మధ్య తిరుగుతూ పొట్టపోసుకునేవారు. గ్రానార్డ్‌లో మూడుసార్లు పోటీలు పెడితే మూడుసార్లూ చార్లెస్ ఫానింగ్‌దే మొదటి బహుమతి. ఆర్థర్ ఓనీల్ రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు.

అంతకంటే పేరు మోసింది 1792 జులైలో బెల్‌ఫాస్ట్‌లో జరిగిన హార్ప్ ఉత్సవం. దాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యుడైన వైద్యుడు జేమ్స్ మెక్‌డానెల్ చిన్నప్పుడు ఆర్థర్ ఓనీల్ దగ్గర పాఠం నేర్చుకున్నవాడే. పది మంది ఐరిష్ వాద్యకారులు, వేల్స్ నుంచి ఒకరు వచ్చారు. ఇక్కడా ఫానింగ్‌కే మొదటి బహుమతి, పది గినీలు. ఓనీల్‌కు ఎనిమిది, తక్కినవారికి తలా ఆరు. విన్న బాణీలను రాసిపెట్టే పని 19 ఏళ్ల ఎడ్వర్డ్ బంటింగ్‌కు అప్పగించారు. ఫానింగ్ అందరిలోకీ మేటి కాదనీ, ‘కూలిన్’ అనే బాణీకి కొత్త ఫ్యాషన్ సంగతులు జోడించి వాయించినందువల్లే గెలిచాడనీ బంటింగ్ తర్వాత కుండబద్దలు కొట్టాడు. అతని మనసు దోచినవాడు తొంభై ఏళ్లు దాటిన డెనిస్ హెంప్సన్. ఇత్తడి తీగలను వేలికొసలతో కాక పొడవుగా పెంచిన గోళ్లతో మీటే పాత పద్ధతి, వచ్చినవారిలో ఆయనొక్కడికే మిగిలింది. న్యాయనిర్ణేతలు పెద్ద బహుమతి ఒకరికిస్తే చరిత్ర మరొకరిని గుర్తుపెట్టుకుంది. ఈ సంగీతంలో అలా జరగడం అదే ఆఖరుసారి కాదు.

బంటింగ్ 1796లో తొలి సంపుటం ప్రచురించాడు. ఆ గినీలు హార్ప్ కళను నిలబెట్టలేకపోయాయి గాని ఆ బాణీలు కాగితం మీద బతికిపోయాయి. తర్వాతి వందేళ్లు కరువు, వలసలతో గడిచాయి. బహుమతుల ఊసు మళ్లీ గట్టిగా వినబడింది 1897లో, గేలిక్ భాషా సంస్కృతుల పునరుద్ధరణ ఊపందుకున్నాకే. ఆ ఏడాదే డబ్లిన్‌లో రెండు వేదికలు పుట్టాయి. ఫెష్ క్యోల్‌లో ఇలన్ పైపుల పోటీ ఉండేది. మోచేతి కింద తిత్తితో గాలి నింపి వాయించే వాద్యం అది. 1897, 1898లలో ఆ పోటీ గెలిచినవాడు కార్క్‌కు చెందిన రాబర్ట్ థాంప్సన్. క్రమేణా ఫెష్ పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం వైపు మళ్లింది. ఐరిష్ భాషోత్సవమైన ఎరఖ్తస్ మాత్రం వాద్యం లేకుండా ఒంటి గొంతుతో పాడే షాన్ నోస్ గానానికి పెద్దపీట వేసింది. కానెమారా గాయకుడు జో హీనీ 1942లోనూ, క్లేర్ పైపుల విద్వాంసుడు విల్లీ క్లాన్సీ 1947లోనూ అక్కడ ప్రథమ స్థానం పొందారు. స్వరకర్త షాన్ ఓ రియడా 1971లో కన్నుమూశాక ఆయన పేరిట పెట్టిన కప్పు, నేటికీ షాన్ నోస్ గాయకులు అన్నిటికన్నా మిన్నగా భావించే బహుమతి.

1951లో వెస్ట్‌మీత్ కౌంటీలోని ములింగర్‌లో కోల్తస్ అనే సంగీతకారుల సంఘం ఏర్పడింది. అప్పుడే అక్కడ మొదలైన ఉత్సవం తర్వాత అఖిల ఐర్లండ్ ఫ్లా అయింది. అది మెట్లమెట్లుగా సాగే పోటీ. కౌంటీ స్థాయిలో మొదటి రెండు స్థానాల వారు ప్రాంతీయ పోటీకి, అక్కడ నెగ్గినవారు జాతీయ పోటీకి వెళ్తారు. ప్రతి వాద్యానికీ విడి పోటీ, వయసును బట్టి విభాగాలు. క్లేర్ ఫిడేలు విద్వాంసుడు ప్యాడీ క్యానీ 1953లో సీనియర్ విభాగం గెలిచాడు. తర్వాత అమెరికాలో స్థిరపడిన షేమస్ కానలీ పది జాతీయ ఫిడేలు బహుమతులు సంపాదించాడు. పల్లెల్లో పిల్లల చేత వాద్యం పట్టించిన ఘనత ఈ పతకాలకు దక్కాల్సిందే. తప్పూ ఉంది. మార్కుల కోసం వాయించేవారు న్యాయనిర్ణేతకు నచ్చే జిలుగుల వైపు మొగ్గుతారు. డొనెగాల్, స్లైగో, క్లేర్ ఫిడేలు బాణీల మధ్య ఉన్న తేడాలు అరిగిపోతాయి. ఈ ఆరోపణ చాలాకాలంగా ఉంది, అందులో నిజమూ ఉంది. విల్లీ క్లాన్సీ పోయిన 1973లోనే ఆయన పేరిట మిల్‌టౌన్ మాల్బేలో మొదలైన వేసవి బడిలో పోటీలు లేవు, పతకాలు లేవు. వారం రోజులు పాఠాలు, కచేరీలు, పబ్బుల్లో కూడి వాయించడం, అంతే.

పోటీ లేకుండా గౌరవించే పద్ధతికి తొలి బలమైన ఉదాహరణ అమెరికాలో కనిపిస్తుంది. అక్కడి జాతీయ కళా సంస్థ 1982లో నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్‌లు ప్రారంభించి, తొలి విడతలోనే జో హీనీని ఎంపిక చేసింది. వందల పాటలు నోటికి వచ్చిన ఆ మనిషి న్యూయార్క్‌లో ఏళ్ల తరబడి ఒక అపార్ట్‌మెంటు భవనానికి తలుపు తీసే ఉద్యోగం చేశాడు. 1984లో ఇదే గౌరవం మార్టిన్ మల్విహిల్‌కు దక్కింది. ఆయన ప్రధానంగా గురువు; బ్రాంక్స్‌లోని వలస కుటుంబాల పిల్లలకు ఫిడేలు నేర్పాడు. పోటీ అయితే వాయించినదానికి మార్కులు వేస్తుంది గాని, ఇలా నేర్పినదానికి మార్కులు వేయలేదు.

ఐర్లండ్‌లో ఆ పని ఒక టీవీ ఛానెల్ తలకెత్తుకుంది. 1996లో మొదలైన ఐరిష్ భాషా ఛానెల్, ఇప్పటి టీజీ4, 1998 నుంచి ‘గ్రాడమ్ క్యోల్’ పురస్కారాలు ఇస్తోంది. దరఖాస్తులు లేవు, పోటీ లేదు. నిపుణుల బృందం ఎంపిక చేస్తుంది, పేర్లు ముందే ప్రకటిస్తారు, పురస్కారం రాత్రి గ్రహీతలే కచేరీ చేస్తారు. ఆ ఏటి సంగీతకారుడితోపాటు యువ సంగీతకారుడు, గాయకుడు, స్వరకర్త, జీవితకాల సేవ వంటి విభాగాలున్నాయి. మొదటి సంవత్సరం డొనెగాల్ ఫిడేలు విద్వాంసుడు టామీ పీపుల్స్, తర్వాత ఫ్లూటు వాద్యకారుడు మ్యాట్ మొలాయ్, టిన్ విజిల్‌కు మేరీ బెర్గిన్, హార్ప్‌కు మోరే నీ కహసీ, పైపులకు ప్యాడీ కీనన్ వరుసగా ఎంపికయ్యారు. వేర్వేరు వాద్యాలకు దక్కిన ఈ వరుస చూస్తేనే ఎంపికలోని నిదానం తెలుస్తుంది. ఒక్కో విద్వాంసుడి వెనుక దశాబ్దాల సాధన ఉంది. ఒక రోజు, ఒక గది, ఒక న్యాయనిర్ణేత అనే బెడద లేదు. 2018లో ప్రభుత్వ రేడియో ఆర్‌టీఈ కూడా డబ్లిన్‌లో జానపద పురస్కారాలు ప్రారంభించింది గాని, సంప్రదాయ సంగీతకారుల్లో గ్రాడమ్‌కు ఉన్న బరువు దానికింకా రాలేదు.

పోటీలో నెగ్గినవారికీ గౌరవాలు అందుకున్నవారికీ మధ్య గోడేమీ లేదు. షికాగోలో పుట్టిన ఫిడేలు విద్వాంసురాలు లిజ్ క్యారల్ 1975లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఫ్లాలో సీనియర్ పతకం గెలిచింది. 1994లో ఆమెకు హెరిటేజ్ ఫెలోషిప్ వచ్చింది. 2011లో గ్రాడమ్ స్వరకర్త పురస్కారం కూడా ఆమెకే దక్కింది. అమెరికాలో పుట్టినవారికి ఆ గౌరవం అందడం అదే తొలిసారి.