సేరు పోయింది, గజం నిలిచింది

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా హైదరాబాద్‌లోని విజయవాడ రోడ్డు వెంట పండ్లు కిలోల్లో, పాలు లీటర్లలో, బంగారం గ్రాముల్లో అమ్ముతారు. ఇంటి జాగా మాత్రం గజాల్లోనే. దేశమంతటికీ మెట్రిక్ కొలతలు తప్పనిసరి చేసి అరవై ఏళ్లు దాటింది. అయినా ఒక చోట పాత కొలత పూర్తిగా పోయి మరో చోట నిలవడానికి అసలు కారణం జనం చేతిలోని పనిముట్టే.

1833లో ఈస్టిండియా కంపెనీ స్థిరపరిచిన తులం 180 గ్రెయిన్లు, అంటే 11.664 గ్రాములు. 80 తులాలు సేరు, 40 సేర్లు మణుగు. ఆ లెక్కన సేరు 933 గ్రాములు, మణుగు 37 కిలోల పైచిలుకు. మద్రాసు లెక్క నడిచిన కోస్తా జిల్లాల్లో సేరంటే 24 తులాలే, సుమారు 280 గ్రాములు. అయిదు సేర్లు వీశ, ఎనిమిది వీశలు మణుగు; ఆ మణుగు 11 కిలోల చిల్లర. పేరు ఒకటే, సరుకులో మూడింతలకు పైగా తేడా. ఇలాంటి లెక్కలతో ఊరు దాటి వ్యాపారం చేసేవాడికీ, పంట అమ్ముకునే రైతుకూ ఎంత చిక్కో ఊహించవచ్చు.

1956లో పార్లమెంటు తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం చేసింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 16 అణాల లెక్క పోయి 100 నయాపైసలు వచ్చాయి. ముందు డబ్బులో దశాంశం అలవాటు చేసి ఆ తర్వాత తూకాల జోలికి రావడం తెలివైన వరస. 1958 అక్టోబరు 1న ఎంపిక చేసిన ప్రాంతాల్లో మెట్రిక్ తూకాలు మొదలై, 1962 ఏప్రిల్ నాటికి దేశమంతటా తప్పనిసరి అయ్యాయి. తక్కెడలో వేసే రాళ్లకు ప్రభుత్వ ముద్ర ఉండాలి. పాత సేరు రాళ్లకు ఆ ముద్ర పడదు. రాయి మారడంతో లెక్కా మారింది. ఒక తరంలోనే సేరు బజారు విడిచిపెట్టింది.

ఈ మార్పు ఫలం పండ్ల మార్కెట్లో బాగా కనబడుతుంది. కొత్తపేటలో 22 ఎకరాల్లో నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌కు నల్లగొండ బత్తాయి, మామిడి లారీల్లో వచ్చేవి. 2021-22లో మార్కెట్ బాటసింగారానికి తరలింది. లారీ సరుకుకు టన్నులు, కాయకు గ్రాములు. సరుకును బట్టి కొలత, కొలతను బట్టి కాటా. వేబ్రిడ్జి మీద నిండు లారీని, తర్వాత ఖాళీ లారీని తూచి తీసివేస్తే సరుకు బరువు తేలుతుంది. అయితే అది 5 కిలోలకో, 10 కిలోలకో ఒక అంకె కదిలే యంత్రం. పెట్టె బత్తాయిలను దాని మీద తూచడం అర్థం లేని పని. దుకాణంలోని 30 కిలోల ఎలక్ట్రానిక్ కాటా మీద అతికించిన రేకు చూస్తే గరిష్ఠ బరువు, కనిష్ఠ బరువు, ‘ఇ’ అనే విభాగం విలువ ఉంటాయి. ఇ 5 గ్రాములైతే కనిష్ఠం 100 గ్రాములు. అంతకన్నా తక్కువ బరువుకు ఆ అంకెను నమ్మలేం. ఖాళీ కాటా సున్నా చూపుతోందా అన్నది తూకానికి ముందే చూసుకోవాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి, రాళ్లకు రెండేళ్లకోసారి తనిఖీ ముద్ర పడాలి.

బంగారం సంగతి కొంచెం వేరు. మాట తులమే, కానీ ఇప్పుడు అంగట్లో తులమంటే 10 గ్రాములు. అమ్మమ్మ కాలం చీటీలో ‘5 తులాలు’ అని ఉంటే అది 58.3 గ్రాములు కావచ్చు, 50 గ్రాములూ కావచ్చు. ఇంట్లో పంపకాలప్పుడు మాట మీద కాక గ్రాముల్లో తూచి రాసుకుంటేనే గొడవ ఉండదు.

ఇక జాగా. కొలిచే టేపుకు ఒక అంచున సెంటీమీటర్లు, మరో అంచున అంగుళాలు. రాయిని మార్చినట్టు ఈ పనిముట్టును మార్చలేదు. అందుకే గజం బతికింది. రిజిస్ట్రేషన్ దస్తావేజులో చదరపు గజాల పక్కన చదరపు మీటర్లూ రాస్తారు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున్న ప్లాటు 1,800 చదరపు అడుగులు, అంటే 200 గజాలు. మీటర్లలో 9.144, 18.288, గుణిస్తే 167.2 చదరపు మీటర్లు. గజం 0.9144 మీటరే కదా అని 200ను దానితోనే హెచ్చిస్తే 182.9 వస్తుంది. అది తప్పు. జాగా గజానికి పొడవు, వెడల్పు రెండూ ఉన్నాయి కాబట్టి 0.9144ను రెండుసార్లు హెచ్చించాలి: 0.8361. ఎకరంలో ఇలాంటివి 4,840 గజాలు, గుంటలో 121.

టేపు చదవడంలోనూ మెలకువ కావాలి. కొసనున్న కొక్కెం కాస్త వదులుగా కదులుతుంటే పాడైందనుకుంటారు. కొక్కెం మందమెంతో అంతే కదిలేలా దాన్ని బిగిస్తారు. అంచుకు తగిలించి లాగినా, గోడకు ఆనించి నొక్కినా కొలత సరిపోవడానికే. గీత మీదికి కన్ను నిటారుగా ఉండాలి, టేపు వేలాడకూడదు. పై ప్లాటులో రెండు వైపులా 5 సెంటీమీటర్ల చొప్పున ఎక్కువ చదివితే విస్తీర్ణం గజంన్నర పైనే పెరుగుతుంది. గజం ధర తెలిసినవాళ్లకు అదెంత డబ్బో చెప్పనక్కర్లేదు.

మెట్రిక్ కొలతల అసలు సుఖం నీళ్ల దగ్గర తెలుస్తుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 200 గజాల జాగాలో 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే 16,720 లీటర్లు. నోటితోనే లెక్క తేలుతుంది. ఘనపు మీటరంటే వెయ్యి లీటర్లు, అదే కిలోలీటరు. 2021 జనవరిలో హైదరాబాద్‌లో మొదలైన ఉచిత నీటి పథకం పరిమితి నెలకు 20 వేల లీటర్లు, అంటే 20 కిలోలీటర్లు. ఇంటి నీళ్ల మీటరులో మామూలుగా నల్ల అంకెలు ఘనపు మీటర్లు, ఎర్ర అంకెలు అందులో భాగాలు. నెల మొదట, చివర నల్ల అంకెలు రాసుకుని తీసివేస్తే వాడకం తెలుస్తుంది.