తుడుము పక్కన బ్యాండు

రాక్ అండ్ రోల్ అంటే పట్నం పిల్లల సంగీతం, మనకెందుకు అనుకుంటాం. దాని పుట్టుక చూస్తే అలా అనిపించదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తి చేలల్లో కూలి చేసిన నల్లవాళ్ల పాటల్లోంచి, వాళ్ల చర్చి పాటల్లోంచి వచ్చిందది. మిసిసిపీకి చెందిన ఆర్థర్ క్రుడప్ 1946లో ‘దట్స్ ఆల్ రైట్’ అనే పాట రికార్డు చేశాడు. 1954లో మెంఫిస్‌లో ఎల్విస్ ప్రెస్లీ అదే పాట పాడాడు. ఎల్విస్ పేరు మార్కెట్లోకి వచ్చిన మొదటి రికార్డు అదే. ఎల్విస్ లోకమంతా తెలిసినవాడయ్యాడు. క్రుడప్ మాత్రం పొలం పనులు చేసుకుని బతికాడు. పాట మీద రావలసిన సొమ్ము కోసం ముసలితనంలో తిరిగాడు. అది పూర్తిగా చేతికి అందకుండానే 1974లో పోయాడు.

ఒకరు రికార్డు చేసిన పాటను మరొకరు పాడితే దాన్ని కవర్ అంటారు. అందులో తప్పేమీ లేదు. పాట బతికేది నోరు మారితేనే. మొదటి నోటిని మరిచిపోవడమే తప్పు.

కొండవాళ్లలో ఈ సంగీతాన్ని సొంతం చేసుకున్నది షిల్లాంగ్. 1841లో థామస్ జోన్స్ అనే వేల్స్ మిషనరీ ఖాసీ కొండలకు వచ్చాడు. ఆ తరవాత చర్చిల్లో నాలుగు గొంతుల పాట అలవాటైంది, ఇంటింటికీ గిటారు చేరింది. ఖాసీ గాయకుడు లూ మజావ్ 1972 నుంచి ఏటా మే 24న బాబ్ డిలాన్ పుట్టినరోజు జరుపుతూ డిలాన్ పాటలు పాడుతున్నాడు. 1947లో పుట్టినవాడు, పాడటం ఇంకా మానలేదు. పాట ఎవరిదో చెప్పి మరీ పాడతాడు, అది నాకు నచ్చుతుంది.

మన గుమ్మలక్ష్మీపురం వైపు గిటారు రాలేదు, బ్యాండుమేళం వచ్చింది. తెల్లవాళ్ల పటాలాల బాకాలూ, డ్రమ్ములూ క్లారినెట్‌తో కలిసి పెళ్లి ఊరేగింపుల్లోకి దిగాయి. మాటలు లేకుండా సినిమా పాటలు వాయించిన ఆ బ్యాండువాళ్లే మన కవర్ బ్యాండ్లు, ఆ పేరు వాళ్లకెవరూ పెట్టలేదంతే. కొండ ఊళ్లలో అంతకుముందు పెళ్లి నడిపించినవి తుడుము, డప్పు, కిడిగి, మోరి, జోడుకొమ్ములు. థింసాలో అడుగు మార్చేది ఆడేవాళ్లు కాదు, తుడుము. దెబ్బ మారితే వరస మారుతుంది. ఇప్పుడు డీజే పెట్టెలొచ్చాయి. ఒక వ్యాను, ఒక కుర్రాడు చాలు. బ్యాండువాడికీ తుడుమువాడికీ ఒకేసారి పని పోయింది. ఒకప్పుడు బ్యాండు వల్ల తుడుము వెనకబడిందని పెద్దవాళ్లు గొణిగేవారు. ఇవాళ ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చున్నారు.

ఈ ముసలి చేతులు కలిస్తే మంచి జట్టు అవుతుందని నా నమ్మకం. క్లారినెట్‌కి సినిమా పాటలన్నీ వచ్చు, మోరికి కొండ వరసలు వచ్చు. రెండూ ఊపిరితో పలికేవే. శ్రుతి కుదరడానికి కొన్నాళ్లు పడుతుంది, తిట్టుకుంటారు కూడా.

సొమ్ము మాటకొస్తే, మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012 సవరణ ప్రకారం ఒక పాట మొదటి రికార్డు వచ్చిన సంవత్సరం ముగిశాక అయిదేళ్లకు గాని ఇతరులు దాని కవర్ రికార్డు తేకూడదు, తెచ్చినా హక్కుదారుకు ముందే రాయల్టీ కట్టాలి. రాసినవాడెవరో తెలియని మన పాటకు ఆ రక్షణ దొరకదు. అయితే వాయించినవాడికి వేరే హక్కుంది. అతని ప్రదర్శనను అనుమతి లేకుండా రికార్డు చేసి అమ్మకూడదు. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. ఫోను పట్టుకుని కొండెక్కే ప్రతివాడికీ ఇది వర్తిస్తుంది. కానీ అడగాలంటే వాయించినవాడి పేరు ఎక్కడైనా రాసి ఉండాలి. మన ఉత్సవాల కరపత్రాల్లో ‘థింసా బృందం’ అని ఉంటుంది, తుడుము ఎవరిదో ఉండదు.